చిన్నపిల్లలతో హైదరాబాద్‌లో ఒక రోజు: ఎక్కడికి, ఎలా, ఏమేం పట్టుకుని

రెండేళ్ల నుంచి ఆరేళ్ల లోపు పిల్లలున్న వాళ్ల కోసం రాస్తున్నాను. సెలవులకు ఊరి నుంచి హైదరాబాద్ వచ్చినవాళ్లకైనా, ఇక్కడే మియాపూర్‌లోనో ఎల్బీ నగర్‌లోనో ఉంటూ ఆదివారం వస్తే పిల్లల్ని ఎటు తీసుకెళ్లాలో తోచక మళ్లీ అదే మాల్‌కి వెళ్తున్నవాళ్లకైనా పనికొస్తుంది. కాస్త పెద్ద పిల్లల సంగతి వేరు. వాళ్లు ఎండలోనూ నడుస్తారు, ఆకలేసినా కాసేపు ఓర్చుకుంటారు, గోల్కొండ మెట్లు మనకంటే ముందే ఎక్కేస్తారు. నాలుగేళ్ల పిల్లకి అవేవీ కుదరవు, ఆ తేడా చూసుకోకుండా బయల్దేరితేనే మధ్యాహ్నం రెండింటికల్లా పిల్ల ఏడుపు, అమ్మకి నడుంనొప్పి, నాన్నకి చిరాకు మొదలవుతాయి.

అన్నిటికంటే ముందు చెప్పాల్సిన మాట, ఒక రోజుకి ఒక్క చోటే పెట్టుకోండి. పొద్దున చార్మినార్, అక్కడి నుంచి సాలార్‌జంగ్, మధ్యాహ్నం జూ, సాయంత్రం లుంబినీ పార్కు అని రాసుకున్న జాబితాలు పెద్దవాళ్ల కోసం పనికొస్తాయి. చిన్నపిల్లలకి ఇంటి గుమ్మం దాటిన దగ్గర్నుంచీ అంతా చూడాల్సిందే. లిఫ్టు చూస్తారు, ఎస్కలేటర్ చూస్తారు, స్టేషన్ బయట పడుకున్న కుక్కపిల్ల దగ్గర ఆగిపోతారు. వాటన్నిటికీ టైం ఇవ్వాలంటే రెండో చోటు పెట్టుకోకూడదు. "ఇంత దూరం వచ్చాం కదా, పక్కనే కదా" అని చివర్లో కలిపే ఆ రెండో చోటే చాలాసార్లు రోజంతా పాడు చేస్తుంది.

ముందుగా: పిల్ల నిద్ర టైం రాసుకోండి

చోటు తర్వాత చూద్దాం. మీ పిల్ల మామూలు రోజుల్లో ఎన్నింటికి లేస్తుంది, ఎన్నింటికి ఆకలంటుంది, మధ్యాహ్నం ఎన్నింటికి కళ్లు నులుముకుంటుంది, ఈ మూడూ కాగితం మీద పెట్టండి. మధ్యాహ్నం ఒంటిగంటకి పడుకునే పిల్ల అయితే మీ చేతిలో ఉన్నది పొద్దున తొమ్మిది నుంచి పన్నెండున్నర వరకు మాత్రమే, అందులో రానుపోను ప్రయాణం తీసేస్తే రెండు గంటలు మిగులుతాయి. ఆ రెండు గంటలు బాగా గడిస్తే చాలు. అప్పుడు తిరుగు ప్రయాణం సరిగ్గా నిద్ర వేళకి పడుతుంది, మెట్రోలోనో కారులోనో భుజం మీదే పడుకుంటుంది, ఇంటికి వచ్చాక కాస్త కొనసాగిస్తుంది. సాయంత్రం లేచాక ఓపిక ఉంటే ఇంటి దగ్గరి పార్కుకి వెళ్లండి, లేకపోతే లేదు.

మధ్యాహ్నం నిద్ర మానేసిన ఐదేళ్ల పిల్లలైనా సరే, రెండింటి తర్వాత కొత్తవి చూసే ఓపిక ఉండదు. ముఖ్యమైనది ఏదైనా పొద్దునే అయిపోవాలి.

తాతయ్య, నానమ్మ కూడా వస్తున్నారంటే వాళ్ల మోకాళ్ల లెక్క కూడా ఇందులోనే వేయండి. నిజానికి చిన్నపిల్లలకి సరిపోయే వేగం పెద్దవాళ్లకి కూడా సరిపోతుంది, అందుకే వాళ్లిద్దరూ కలిసి వస్తే రోజు ఇంకా సాఫీగా నడుస్తుంది. పిల్ల ఒక బల్ల మీద కూర్చుని చీమల్ని చూస్తుంటే పక్కన కూర్చునే ఓపిక వాళ్లకే ఉంటుంది.

చోటు ఎలా ఎంచుకోవాలి

ఏ చోటైనా నేను అడిగేవి రెండే: అక్కడ పిల్ల తన ఎత్తు నుంచి ఏం చూడగలదు? అరిచినా పరిగెత్తినా ఎవరూ కసురుకోకుండా కాసేపు వదలొచ్చా? ఈ రెండింటికీ జవాబు బాగుంటే చోటు బాగున్నట్టే.

నెహ్రూ జూ పార్కుని అందరూ మొదట అనుకుంటారు, అనుకోవాల్సిందే. 1963లో తెరిచిన ఈ జూ దాదాపు 380 ఎకరాల్లో మీర్ ఆలం చెరువు పక్కన ఉంటుంది. చిక్కంతా ఆ 380 ఎకరాల్లోనే ఉంది. మొత్తం తిరగాలని పెట్టుకోకండి. ముందు రోజు రాత్రి పిల్లనే అడగండి, ఏ జంతువులు చూడాలని. ఏనుగు, పులి, పాము అంటుందనుకోండి, ఆ మూడే చూపించండి, మిగతావి దార్లో కనిపిస్తే కనిపించినట్టు. లోపలికి వెళ్లగానే బ్యాటరీ బండి ఎక్కడ దొరుకుతుందో కనుక్కోండి, మొదట్లో నడిచేసి అలిసిపోయాక బండి ఎక్కడం కంటే, మొదట బండిలో చివరిదాకా వెళ్లి నడుస్తూ వెనక్కి రావడమే నయం. గేటు తెరిచే వేళకే చేరుకోండి. ఎండ ముదిరాక జంతువులన్నీ నీడకి వెళ్లి పడుకుంటాయి, పిల్లకి కనిపించేది ఖాళీ ఆవరణ, దూరంగా ఒక తోక. టాయ్ ట్రైన్ చివరికి దాచుకోండి, ముందే ఎక్కిస్తే దిగినప్పటి నుంచి మళ్లీ ఎక్కుతానని తప్ప ఇంకో మాట ఉండదు.

నౌబత్ పహాడ్ మీద బిర్లా సైన్స్ మ్యూజియం నాలుగేళ్లు దాటినవాళ్లకి బాగుంటుంది. బటన్ నొక్కితే కదిలేవి ఉంటాయి, నొక్కనిస్తారు, అది చాలు. అక్కడ అసలు చూడాల్సింది కోటసారస్ అస్థిపంజరం. ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర తవ్వితే దొరికిన ఎముకలతో నిలబెట్టిన డైనోసార్ అది, ఆకులు తినే రకం. కార్టూన్లలో చూసే డైనోసార్ ఒకటి మన నేల మీదే తిరిగిందని చెప్తే పిల్లలు ఎలా చూస్తారో మీరే గమనించండి. మెడ దగ్గర నుంచి తోక చివరిదాకా పిల్లతో అడుగులు వేయించండి, తను ఎన్ని అడుగులైతే అంత పొడవు అని చెప్పండి. పక్కనే ఉన్న ప్లానెటోరియం మాత్రం మూడేళ్ల లోపు పిల్లలకి వద్దంటాను. ఒక్కసారిగా చీకటి, పెద్ద శబ్దం, మధ్యలో లేచి బయటికి రావడం కష్టం. ఇంట్లో లైట్లన్నీ తీసేసి పడుకోవడానికి భయపడని పిల్ల అయితే తీసుకెళ్లండి, తెలుగు షో ఎన్నింటికో కౌంటర్లో కనుక్కోండి. కొండ ఎక్కడం ఉంటుంది కాబట్టి ఆటో పైదాకా మాట్లాడుకోండి.

చార్మినార్ కింద నుంచి చూడండి, గాజుల దుకాణాల తళుకులు చూపించండి, కానీ పైకి ఎక్కించకండి. 149 మెట్లు, మెలికలు తిరిగే ఇరుకు మెట్లు, ఎదురుగా దిగేవాళ్లు. పిల్లని ఎత్తుకుని ఎక్కడం ప్రమాదమే. గోల్కొండ కూడా అంతే, అయితే ఫతే దర్వాజా దగ్గర గుమ్మటం కింద నిలబడి చప్పట్లు కొట్టే ఆట ఒక్కటే చాలు, ఆ చప్పుడు కోట కొనన ఉన్న బాలా హిస్సార్ దాకా వినిపిస్తుంది. ఇంట్లోవాళ్లు ఒకరు పైకి వెళ్తే కింద పిల్ల చప్పట్లు కొట్టొచ్చు. కొండ ఎక్కాల్సిన పని లేకుండానే కోట చూసినట్టు.

జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 దాకా నాంపల్లిలో జరిగే నుమాయిష్ ఎగ్జిబిషన్‌కి చిన్నపిల్లలతో వెళ్లాలంటే పనిదినం, అదీ తెరిచిన వెంటనే వెళ్లండి. శనాదివారాల్లో సాయంత్రం అక్కడ పిల్లకి కనిపించేవి పెద్దవాళ్ల మోకాళ్లే.

మొదటిసారి వెళ్లేవాళ్లకి నేను చెప్పేది మాత్రం మెట్రో ఎక్కి సాలార్‌జంగ్ మ్యూజియం. మ్యూజియం అనగానే చిన్నపిల్లలకి ఏముంటుంది అంటారు. ఉంటుంది, కింద వివరంగా రాశాను.

సెలవు రోజు, ఎండ, వాన

సాలార్‌జంగ్ శుక్రవారం మూసి ఉంటుంది, జూ సోమవారం. పండగ రోజుల్లో ఎలాగూ ఒకసారి ఫోన్లో చూసుకోవాలి. ఆదివారం కంటే శనివారం, శనివారం కంటే మామూలు పనిదినం నయం, స్కూలు ఇంకా మొదలుకాని పిల్లలకి ఆ అదృష్టం ఉంది కాబట్టి మీరు ఒక రోజు సెలవు పెట్టగలిగితే పెట్టండి.

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఎక్కడికైనా వెళ్లొచ్చు. ఏప్రిల్, మే నెలల్లో ఆరుబయట ఏదైనా పది గంటల లోపే అయిపోవాలి, లేదంటే పైకప్పు ఉన్న చోటుకి మారండి. వానాకాలంలో పొద్దున్నే ముసురు పట్టి ఉంటే ప్రయాణం మానేయండి. వాన కంటే వాన తర్వాత రోడ్ల మీద నిలిచే నీళ్లు, ట్రాఫిక్ పెద్ద ఇబ్బంది. అందుకే ముందు రోజు రాత్రి పిల్లకి "రేపు మ్యూజియం" అని గట్టిగా మాట ఇవ్వకుండా, "వాన పడకపోతే వెళ్దాం, పడితే ఇంట్లో పకోడీలు వేసుకుందాం" అని రెండూ చెప్పి ఉంచండి.

బ్యాగులో ఏముండాలి

ఒక్క బ్యాగే, వీపుకి తగిలించుకునేది. రెండు చేతులూ ఖాళీగా ఉండాలి, ఒకటి పిల్ల కోసం, ఒకటి మిగతా లోకం కోసం. తోపుడు బండి, అదే స్ట్రోలర్, మన ఫుట్‌పాత్‌ల మీద నడవదు. సగం దూరం బండిని మనం మొయ్యాలి, సగం దూరం బండితో పాటు పిల్లని కూడా. రెండేళ్ల పిల్లలకి ఒంటికి కట్టుకునే క్యారియర్ ఉంటే అది, లేకపోతే నడుముకి చుట్టుకునే పొడుగాటి చున్నీ.

బట్టలు ఒక జత కాదు, ఒకటిన్నర జత. అంటే చొక్కా ఒకటి, నిక్కర్లు రెండు. తడిసేది ఎప్పుడూ కింది బట్టలే. తడిసినవి వేయడానికి గట్టి కవరు, చిన్న తువ్వాలు, తడి టిష్యూలు, డైపర్ వాడే పిల్లలైతే మీరు అనుకున్నదాని కంటే రెండు ఎక్కువ. మాన్పించేసినా సరే, దూర ప్రయాణానికి ఒకటి వేయడంలో తప్పేమీ లేదు. నీళ్లు ఇంటివే, లీటరు సీసా.

తిండి గురించి కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే పిల్లల బయటి రోజు నిలిచేదైనా కూలేదైనా కడుపు దగ్గరే. మసాలా లేనిది, చల్లారినా తినగలిగేది, చేతికి జిడ్డు అంటనిది కావాలి. ఇడ్లీకి నెయ్యి, కాస్త పొడి రాసి చిన్న ముక్కలుగా కోసి పెట్టుకుంటే పిల్లే తీసుకుని తింటుంది. అటుకులు, మరమరాలు, వేయించిన శనగలు మధ్యమధ్యలో పెట్టడానికి, ఐదేళ్ల లోపు వాళ్లకి శనగలు, వేరుశనగలు గొంతుకి అడ్డుపడతాయి కాబట్టి వాళ్లకి మరమరాలే. అరటిపండు ఒకటి, బాగా మగ్గినది వద్దు, బ్యాగులో నలిగిపోతుంది.

పెరుగన్నం చాలామంది పట్టుకెళ్తారు, మధ్యాహ్నానికి పులిసి పిల్ల నోట్లో పెట్టుకోదు. మా అమ్మ చేసే పద్ధతి ఇది: అన్నం మెత్తగా వండి, వేడి మీదే మెదిపి, గోరువెచ్చగా ఉన్నప్పుడు కాచిన పాలు ధారాళంగా పోసి, ఒక్క చెంచా పెరుగు, చిటికెడు ఉప్పు కలిపి డబ్బాలో పెట్టేయాలి. చూడ్డానికి పాలన్నంలా జారుగా ఉంటుంది, ఫర్వాలేదు. పన్నెండింటికి మూత తీసేసరికి లోపలే తోడుకుని కమ్మటి పెరుగన్నం అయి ఉంటుంది. మీద దానిమ్మ గింజలు చల్లి ఇవ్వండి. మే నెల ఎండలో అయితే ఇది కూడా పదకొండున్నర లోపే పెట్టేయాలి.

ఎండాకాలం ఒక ఓఆర్ఎస్ పొట్లం బ్యాగులో పడి ఉండనివ్వండి. పొట్లం మీద డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా అని ఉందో లేదో చూసి కొనండి. ఓఆర్ఎస్ అనే పేరుతో డబ్బాల్లో అమ్మే తియ్యటి పానీయాలు వేరు, అసలు ఓఆర్ఎస్ వేరు, ఆ పేరు వాటి మీద వాడొద్దని దేశ ఆహార ప్రమాణాల సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2025 అక్టోబరులో ఆదేశించింది, దాని వెనక హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి చేసిన పోరాటం ఉంది. ఎన్ని నీళ్లలో కలపాలని పొట్లం మీద ఉందో అన్ని నీళ్లలోనే కలపాలి, రుచి కోసం తక్కువ నీళ్లలో కలిపితే మంచికంటే చెడే ఎక్కువ.

మెట్రో ఎక్కడం

పిల్లలకి మెట్రో ప్రయాణమే సగం సంబరం. హైదరాబాద్ మెట్రో మొత్తం స్తంభాల మీదే నడుస్తుంది, సొరంగాలు లేవు, కిటికీలోంచి మేడల మీద ఆరేసిన బట్టలు, నీళ్ల ట్యాంకులు, గాలిపటాలు కనిపిస్తూనే ఉంటాయి. మూడు లైన్లు: మియాపూర్ నుంచి ఎల్బీ నగర్‌కి ఎరుపు, నాగోల్ నుంచి రాయదుర్గం దాకా నీలం, జేబీఎస్ (జూబ్లీ బస్ స్టేషన్) నుంచి ఎంజీబీఎస్‌కి (మహాత్మాగాంధీ బస్ స్టేషన్) ఆకుపచ్చ. నీలం లైన్లో వచ్చేవాళ్లు అమీర్‌పేటలో ఎరుపుకి మారితే ఎంజీబీఎస్ దాకా వెళ్లొచ్చు. మీకు దగ్గరైతే పరేడ్ గ్రౌండ్ దగ్గర ఆకుపచ్చకి మారినా సరే, అమీర్‌పేట కంటే అక్కడ తొక్కిసలాట తక్కువ.

ఆఫీసు రద్దీ పోయాక ఎక్కండి. పొద్దున తొమ్మిదిన్నర తర్వాత, సెలవు రోజైతే ఎప్పుడైనా. 90 సెంటీమీటర్ల ఎత్తు లోపు పిల్లలకి టికెట్ అక్కర్లేదు. ఎంట్రీ గేటు దగ్గర పిల్లని మీ ముందు నడిపించండి, వెనక కాదు. గేటు రెక్కలు మూసుకునే లోపు వెనకున్న పిల్ల ఆగిపోతే భయపడుతుంది. చేతిలో సామాను ఎక్కువుంటే ఎత్తుకునే దాటండి.

ఎస్కలేటర్ గురించి ఒక్క మాట గట్టిగా. మెత్తటి రబ్బరు చెప్పులు, ముఖ్యంగా కన్నాలుండే క్లాగ్స్ రకం, ఎస్కలేటర్ పక్క సందులో ఇరుక్కుంటాయి. వేలు కూడా దానితో పాటే వెళ్తుంది. ఆ చెప్పులుంటే లిఫ్టు వాడండి. బూట్లే వేసినా మధ్యలో నిలబెట్టండి, గోడ వైపు కాదు, దిగే చోట ముందే ఎత్తేసుకోండి. ప్లాట్‌ఫాం మీద తలుపుల అడ్డం ఉండదు కాబట్టి రైలు వచ్చే దాకా గోడ వైపు ఉన్న కుర్చీల్లోనే కూర్చోండి, పసుపు గీత దగ్గర నిలబడి ఎదురు చూడ్డం అక్కర్లేదు. రైల్లో ఏమీ తిననివ్వరు, ఎక్కే ముందే నాలుగు మరమరాలు పెట్టేయండి.

బస్సులో వెళ్లేవాళ్లుంటే, తెలంగాణలో సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకి 2023 డిసెంబరు నుంచి టికెట్ లేదు, ఆధార్ లాంటి గుర్తింపు కార్డు దగ్గరుంచుకోవాలి. ఖర్చు చూసుకునేవాళ్లకి ఇది పెద్ద వెసులుబాటు. ఆటోలో అయితే పిల్లని ఇద్దరి మధ్యలో కూర్చోబెట్టండి, పక్కన కాదు. కారులో ముందు సీట్లో, ఒళ్లో పెట్టుకుని మాత్రం వద్దు, ఎంత దగ్గరైనా సరే.

సాలార్‌జంగ్‌లో గంటన్నర

ఎంజీబీఎస్‌లో దిగి ఆటో ఎక్కితే మూసీ పక్కగా కాసేపట్లో దారుల్‌షిఫాలోని మ్యూజియం వస్తుంది. నడవొచ్చు గానీ పిల్లతో ఆ ట్రాఫిక్‌లో వద్దు. మ్యూజియం పదింటికి తెరుస్తారు. పదిన్నర లోపు గేటు దగ్గర ఉండేలా చూసుకోండి, ఎందుకంటే మన ప్లాను మొత్తం పదకొండు గంటల చుట్టూ తిరుగుతుంది.

లోపలికి వెళ్లగానే మొదట బాత్రూం. పిల్లని అడక్కండి, అడిగితే "రావట్లేదు" అంటుంది, పది నిమిషాల తర్వాత "అమ్మా, ఒకటికి వస్తోంది" అంటుంది. బయల్దేరేముందు ఒకసారి, చేరగానే ఒకసారి, తినబోయే ముందు ఒకసారి, తిరుగు రైలెక్కే ముందు ఒకసారి, ఇది నియమం అనుకోండి. పెద్ద బ్యాగులు కౌంటర్లో ఇచ్చేయాలి, కాబట్టి నీళ్ల సీసా, ఒక నిక్కరు, టిష్యూలు వేరే చిన్న గుడ్డసంచిలో ముందే సర్దుకుని ఉంటే అక్కడ వెతుక్కోవాల్సిన పని ఉండదు.

తర్వాత బొమ్మల గది. వందేళ్ల నాటి పిల్లల ఆటబొమ్మలు, వరసలు కట్టిన సైనికుల బొమ్మల దండు అక్కడ ఉంటాయి. అద్దాల పెట్టెలు కొన్ని పిల్లల కంటికి ఎత్తుగా ఉంటాయి, ఎత్తుకుని చూపించండి. ఇక్కడ మీరు చెప్పడం కంటే పిల్లని చెప్పమనడం మేలు. "ఇందులో ఎవరు రాజు? వీళ్లెక్కడికి వెళ్తున్నారు?" అంటే చాలు, మిగతా కథ తనే అల్లుతుంది.

పదకొండుకి ఇంకా పావుగంట ఉందనగానే గడియారం దగ్గరికి వచ్చేయండి. ఇంగ్లండులో తయారై, కలకత్తా కుక్ అండ్ కెల్వీ కంపెనీ ద్వారా వచ్చిన మ్యూజికల్ క్లాక్ ఇది. ఒక పక్క సుత్తి పట్టుకున్న కమ్మరి బొమ్మ సెకను సెకనుకీ కొడుతూనే ఉంటుంది, అది ఎప్పుడైనా చూడొచ్చు. అసలు సంబరం గంట కొట్టేటప్పుడు. గంటకి కొద్ది నిమిషాల ముందు చిన్న తలుపు తెరుచుకుని గడ్డం మనిషి బొమ్మ ఒకటి బయటికి వచ్చి, ఎన్ని గంటలైతే అన్నిసార్లు గంట కొట్టి లోపలికి వెళ్లిపోతుంది. బొమ్మ చాలా చిన్నది. జనం ముందే వచ్చి కూర్చుంటారు, వెనక నుంచి చిన్నపిల్లలకి ఏమీ కనిపించదు. అందుకే ముందు వరసలో చోటు పట్టుకోండి, లేదా నాన్న భుజాల మీద ఎక్కించుకుని పక్కకి నిలబడండి, వెనకవాళ్లకి అడ్డం రాకుండా.

పదకొండే ఎందుకంటే, పదకొండు దెబ్బలు పడతాయి. పిల్ల వేళ్ల మీద లెక్కపెడుతుంది, పది వేళ్లూ అయిపోయాక ఇంకొకటి మిగులుతుంది, అప్పుడు మీ వేలు ఇవ్వండి. పన్నెండింటికి ఇంకొక దెబ్బ ఎక్కువే కానీ అప్పటికి ఆకలి మొదలవుతుంది. ఒంటిగంటకి మాత్రం వెళ్లకండి, అంతసేపు కూర్చోబెట్టి ఒక్కటంటే ఒక్క దెబ్బ కొట్టి వెళ్లిపోతాడు.

గడియారం తర్వాత ఇంకో రెండు చూస్తే చాలు. ఒకటి రెండు ముఖాల కొయ్య బొమ్మ. ఒకే మానులో ముందు వైపు ఒక జర్మన్ కథలోని దెయ్యం మెఫిస్టోఫిలిస్, వెనక వైపు అదే కథలోని అమ్మాయి మార్గరెట్టా, వెనకున్న అద్దంలో రెండో మనిషి కనిపిస్తుంది. పిల్లకి పేర్లు చెప్పక్కర్లేదు, ముందు నుంచి చూపించి "వెనక ఎవరున్నారు?" అనండి, అద్దంలోకి తొంగిచూసి తనే కనిపెడుతుంది. రెండోది ముసుగు రెబెక్కా, ఇటలీ శిల్పి బెంజోని 1876లో చెక్కిన పాలరాతి బొమ్మ. ముఖం మీద ఉన్నది బట్టా, రాయా అని అడగండి. ముట్టుకోనివ్వరు కాబట్టి "చూపుతోనే ముట్టుకుందాం" అని ముందే చెప్పి, చేతులు వెనక్కి కట్టుకునే ఆట పెట్టండి. పెద్దవాళ్లలో ఒకరికి మిగతా గ్యాలరీలు చూడాలని ఉంటే వాళ్లని వదిలేయండి, ఇంకొకరు పిల్లతో వరండాలో కూర్చోవచ్చు. పిల్లని వెంట లాక్కుని అన్నీ తిప్పొద్దు.

పన్నెండుకల్లా బయటికి. గ్యాలరీల్లోకి తిండి తేనివ్వరు కాబట్టి డబ్బా తీసేది ఇప్పుడే. మీరు పక్కన మదీనా వైపు బిర్యానీ తినాలనుకుంటే తినండి, పిల్ల డబ్బా మాత్రం ముందు ఖాళీ అవ్వాలి. ఆకలి మీదున్న పిల్ల హోటల్లో ప్లేటు వచ్చే దాకా ఆగదు, వచ్చాక అది కారం.

తప్పిపోతే ఏం చేయాలి, ముందే

పొద్దున ఇంట్లోనే, ఆ రోజు వేసుకున్న బట్టల్లో నిలువెత్తు ఫొటో తీసి ఫోన్లో ఉంచుకోండి. జనంలో "ఏం చొక్కా వేశాం?" అని అడిగితే టెన్షన్‌లో ఎవరికీ గుర్తు రాదు. కొట్టొచ్చినట్టు కనిపించే రంగు వేయండి, నిమ్మపండు పసుపో, నారింజో. మీ ఫోన్ నంబరు బాల్ పెన్నుతో ముంజేతి లోపలి వైపు రాయండి, పేరు మాత్రం చొక్కా మీద బయటికి కనిపించేలా రాయకండి, పేరు పెట్టి పిలిచినవాళ్లతో పిల్లలు వెళ్లిపోతారు.

పిల్లకి ఒక్క మాటే నేర్పించండి: "మేం కనిపించకపోతే నువ్వు కదలకు, ఉన్న చోటే నిలబడి మా పేరు పెట్టి గట్టిగా పిలువు." అమ్మా అని పిలిస్తే అక్కడున్న అమ్మలందరూ తిరుగుతారు, అందుకే మీ అసలు పేరు నేర్పండి. గేటు దగ్గర యూనిఫాం వేసుకున్న గార్డుని చూపించి, "నీకేమన్నా కావాలంటే వీళ్లని అడగాలి" అని చెప్పండి. మీ వైపు నుంచి, ఐదు నిమిషాలు వెతుక్కుంటూ కూర్చోకుండా ఒకరు బయటికెళ్లే గేటు దగ్గరికి, ఇంకొకరు చివరిసారి చూసిన చోటుకి. వెంటనే అక్కడి సిబ్బందికి ఫొటో చూపించండి. 112కి గానీ, పిల్లల హెల్ప్‌లైన్ 1098కి గానీ ఫోన్ చేయడానికి మొహమాటపడకండి.

మారాం చేస్తే

గేటు బయట బుడగలు, కీ ఇస్తే కదిలే కుక్కలు, గాలిపంకాలు అమ్మేవాళ్లు ఉంటారు. వాళ్ల బతుకుతెరువు అది, కొనకూడదని నేననను. ఇంట్లోనే చెప్పండి, "ఒక్కటి కొందాం, వచ్చేటప్పుడు." పిల్ల చేతికే నోటు ఇచ్చి తననే ఇమ్మనండి. వెళ్లేటప్పుడు కొంటే లోపల అంతసేపూ మోయాల్సింది మీరే, అది విరిగితే ఏడుపు కూడా అప్పుడే.

నేల మీద కూర్చుని రానంటే చాలాసార్లు అది మొండితనం కాదు, ఆకలో దాహమో నిద్రో. వరసగా మూడూ చూడండి. ఏదీ కాకపోతే జనానికి దూరంగా తీసుకెళ్లి పక్కన కూర్చోండి, మాట్లాడకుండా. చుట్టూ ఉన్నవాళ్లు చూస్తున్నారని పిల్లని కసురుకుంటే ఇంకాస్త పెరుగుతుంది. "ఫోన్ ఇచ్చేయండి ఊరుకుంటుంది" అని పక్కవాళ్లు సలహా ఇస్తారు, ఊరుకుంటుంది నిజమే, ఆ తర్వాత కిటికీ వైపు కూడా చూడదు.

తిరుగు ప్రయాణం

పిల్ల ఇంకా హుషారుగా ఉండగానే బయల్దేరండి, అలిసిపోయాక కాదు. ఇది చేయడం కష్టం, ఎందుకంటే అంత సరదాగా ఉన్నప్పుడు వెళ్దాం అనాలనిపించదు. పది నిమిషాల ముందు ఒకసారి, రెండు నిమిషాల ముందు ఒకసారి చెప్పండి, చివర్లో ఆ చోటికి టాటా చెప్పించండి. రైల్లో నిద్రపోతే లేపకండి, మీ స్టేషన్‌కి రెండు స్టేషన్ల ముందు నుంచి సామాను సర్దుకుని, చెప్పులు విప్పి బ్యాగులో వేసేయండి, నిద్రపోయిన పిల్ల కాలి నుంచి చెప్పు జారేది ప్లాట్‌ఫాం సందులోకే. ఇంటికి రాగానే కాళ్లు చేతులు కడిగి పడుకోబెట్టండి, స్నానం సాయంత్రం చేయించొచ్చు.

విశాఖలో ఉంటే

ఇదే లెక్క అక్కడికీ పనిచేస్తుంది. బీచ్ రోడ్డులో కురుసుర సబ్‌మెరైన్, ఎదురుగా టీయూ 142 విమానం ఉన్నాయి కదా, రెండూ ఒకే రోజు పెట్టుకోవాలనిపిస్తుంది. నాలుగేళ్ల లోపు పిల్లలకి ఒకటే చాలు. సబ్‌మెరైన్ లోపల దారి సన్నం, ఒక గది నుంచి ఇంకో గదికి గుండ్రటి కంతలోంచి కాలెత్తి దాటాలి, పిల్లని ఎత్తుకుని దాటితే తల తగులుతుంది. ముందు ఒకరు దాటి అటువైపు నిలబడి, రెండోవాళ్లు పిల్లని చేతికందించాలి, కాబట్టి ఇద్దరు పెద్దవాళ్లు లేకుండా వెళ్లొద్దు. ఇరుకు చోటంటే భయపడే పిల్లలైతే విమానమే నయం. సోమవారం సబ్‌మెరైన్ మూసి ఉంటుంది, మిగతా పనిదినాల్లో మధ్యాహ్నం నుంచే తెరుస్తారు కాబట్టి నిద్ర లేపి తీసుకెళ్లే ప్లాను వేసుకోండి. బయటికి వచ్చాక ఇసుకలో ఆడకుండా ఏ పిల్లా ఇంటికి రాదు, నేను పైన చెప్పిన ఒకటిన్నర జతని అక్కడ రెండున్నర చేసుకోండి. ఇసుకంటిన కాళ్లకి నీళ్లు పోసే ముందు పొడి పౌడరు చల్లి దులిపితే మొత్తం రాలిపోతుంది.